అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు

మా అన్న నా పుస్తకాన్ని పొయ్యిలో పెడతానన్నప్పుడు నాకు భయం వేయలేదు. శనివారం పొద్దున దానికి బ్రౌన్ పేపరు అట్ట వేసి, హాల్లో టేబుల్ మీద బైబిల్ పక్కన పెట్టినాడు చూడండి, అప్పుడు వేసింది.

పోయిన ఆదివారం అదే పుస్తకాన్ని చేత్తో ముట్టుకోకుండా కాలితో తోసినాడు. చర్చి సంఘ కార్యదర్శి చెల్లెలు రాయాల్సిన రాతలా ఇవి అని వీధంతా వినేటట్టు అరిచినాడు. అటువంటి మా అన్న సుశీల్ కుమార్ గారు ఇయ్యాల స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, "అబీ, కాఫీ తాగినావామ్మా?" అని అడిగినాడు. నన్ను అమ్మా అని పిలిచి ఎన్నేళ్ళయిందో అన్నకి కూడా గుర్తుండదు.

వదిన కెజియా వంటింట్లో రొయ్యలు వొలుస్తా ఉంది. నలుగురమున్న ఇంటికి ఇన్ని రొయ్యలెందుకని అడిగితే ఇంకో గిన్నె దగ్గరికి లాక్కుంది. నాయన వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తా ఉండా, పేజీ తిప్పడం లేదు.

"ఎవరొస్తాండారు?" అని అడిగినా.

"నీ పుస్తకం చదివినాయన," అన్నాడు అన్న. "బాగా నచ్చిందంట."

నచ్చినవాళ్ళు ఇంటికి భోజనానికొస్తే రాసినామెకి పండగ కావాలి గదా. నేను మాత్రం కాఫీ గ్లాసు టేబుల్ మీద పెట్టేసినా. ఎందుకంటే ఆ పుస్తకం నచ్చనివాళ్ళతో వేగడం నాకు అలవాటైపోయింది. నచ్చినవాళ్ళను మా అన్న ఇంట్లోకి రానివ్వడం ఇదే మొదలు.

పుస్తకం పేరు 'ఒక ప్లేటు చాలు'. సలోమి అనే నలభై దాటిన టీచరమ్మ కథ. పెళ్ళి చేసుకోదు. పెళ్ళి కాక కాదు, తనే చేసుకోదు. ఒక ప్లేటు కడుక్కుంటుంది, ఒక టికెట్టు కొనుక్కుంటుంది, ఊరంతా ఆమెకి మొగుణ్ణి వెతికే పనిలో పడి కిందా మీదా అవుతుంటే కిటికీలోంచి చూసి నవ్వుకుంటుంది. వారపత్రికలో మారుపేరుతో వచ్చినన్నాళ్ళూ మా కోట ఊళ్ళో ఎవరికీ తెలీదు. పుస్తకంగా వేసినోళ్ళు వెనక అట్ట మీద నా ఫోటో వేసినారు. అంతే, కొంప మునిగింది.

కావలి నుంచి ఒకామె ఫోన్ చేసి, బస్సులో చదువుతా నవ్వితే కండక్టరు ఏమైందమ్మా అని నీళ్ళిచ్చినాడని చెప్పింది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, నవ్వు నాలుగు విధాల చేటు, ఆడదాని నవ్వు అయిదో విధం అని కార్డు ముక్క రాసినాడు. ఒంగోలు ఆమె ఇంకో రకం. ఇంత లావు పుస్తకం చదివించి ఆఖర్న కూడా పెళ్ళి చేయకపోతే ఎట్టమ్మా, మాకేం మిగిలింది అని నిలదీసింది. తడలో ఫ్యాక్టరీకి పోయే ఒక పిల్ల మాత్రం, హాస్య నవల అన్నారు గానీ నేను ఏడ్చినానక్కా అని మెసేజ్ పెట్టింది.

నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే సోషల్ చెప్పే చెంచులక్ష్మి అందరికంటే ఘాటు. నేనూ ఆమె ఒకే బెంచీ మీద డబ్బాలు విప్పుకుని తినేవాళ్ళం. సలోమికి ఒక్క సాయంత్రమన్నా దిగులు పుట్టదా, ఒక్క వానరోజన్నా ఎవరన్నా ఉంటే బాగుండు అనిపించదా, నువ్వు రాసింది అబద్ధం అని మొహం మీదే అనేసింది. కొన్నాళ్ళు ఆమెకి మొహం చాటేసినా. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది.

ఇవన్నీ ఒకెత్తు, మా స్త్రీల సమాజం ఒకెత్తు.

మా సంఘంలో గురువారం సాయంత్రం ఆడవాళ్ళంతా కూడతారు. ఒక్కొక్కరూ తమ మనవి చెప్తారు, అందరూ దాని కోసం ప్రార్థన చేస్తారు. మోకాళ్ళ నొప్పులు, కొడుకు ఉద్యోగం, ఈనబోయే గేదె, వాటి మధ్యలో నా పెళ్ళి. ఆ మనవి నేనెప్పుడూ ఇచ్చింది లేదు, నేను నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. నవల్లో ఆ గురువారాన్ని ఉన్నదున్నట్టు దింపినా. సలోమి పేరు గేదె తర్వాత వస్తుంది. గేదె ఈనుతుంది, సలోమి అట్నే ఉంటుంది. అది చదివి నన్ను చీల్చి చెండాడతారనుకుని, ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధం చేసుకుని పోయినా.

వాళ్ళు ఏడ్చినారు. సమాజం అధ్యక్షురాలు కరుణాకుమారి అక్క పుస్తకాన్ని గుండెకు హత్తుకుని, ఇన్నేళ్ళూ మన బిడ్డ నోరు విప్పి అడగలేదు, ఇప్పుడు పుస్తకమంతా మనవిగా రాసి మన చేతిలో పెట్టింది, ఎంత దుఃఖముంటే ఇంత నవ్వు రాస్తుంది అనింది. హాస్య నవలని మనవి కింద జమకట్టేసినారు. చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ కలిసి ఉపవాసముండి ప్రార్థన చేసినారు. అక్కా, అది మనవి కాదు, నవ్వుకోడానికి రాసింది, అని లేచి చెప్పినా. కరుణాకుమారి అక్క నా తల నిమిరింది.

"తెలుసులేమ్మా," అనింది.

తిట్టినవాళ్ళకి ఎదురు చెప్పొచ్చు. మన కోసం పస్తులుండి నీరసపడినవాళ్ళకి ఏం చెప్తాం?

ప్రార్థన చేస్తే జవాబు రావాలి గదా. ఆ శనివారం మధ్యాహ్నం వచ్చింది. నాయుడుపేట నుంచి, తెల్ల కారులో.

ఆయన పేరు ఫ్రెడ్డీ. రొయ్యల మేత వ్యాపారం. భార్య లిల్లీ నిరుడు జ్వరంతో పోయింది, పిల్లల్లేరు. మనిషి శుభ్రంగా ఉన్నాడు, గొంతు పైకి లేవదు. అందరికీ వందనాలు చెప్పినాడు. నాయన పక్కన కూర్చుని బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగినాడు. వదిన గారెలు మెచ్చుకున్నాడు. అన్న మొహం చూడాలి, నక్కను తొక్కి వచ్చినవాడి మాదిరి వెలిగిపోతా ఉంది. నేను తప్పు పట్టడానికి చిన్న మరక వెతికినా, కనిపించలేదు.

భోజనాల దగ్గర పుస్తకం మాటెత్తినాడు. సగం నవల నోటికొచ్చు. నాకే గుర్తులేని వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా చెప్తా ఉంటే మొదట నాకూ గర్వమేసింది, ఎందుకు దాచాలి. తర్వాత ఒకటి గమనించినా. నేను నవ్వించాలని రాసిన చోట ఆయన నవ్వడం లేదు. సలోమి జ్వరంతో తలుపు గడియ తీయలేక మంచంలో పడున్న చోట నవ్వినాడు. గ్యాసు సిలిండరు ఎత్తబోయి నడుం పట్టి వంటింట్లో కూలబడే చోట నవ్వినాడు. కళ్ళు తుడుచుకుని, "పాపం," అన్నాడు.

ఆ నవ్వు వింటుంటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత నీళ్ళు తాగి, ఆఖరి చాప్టరు ఒక్కటి మార్చాలండీ, సలోమికి పెళ్ళి చేసేద్దాం, రెండో ముద్రణ నేనే వేయిస్తా అన్నాడు. ఆ తర్వాత ఇంక రాయాల్సిన అవసరం ఎట్టాగూ ఉండదు గదా అని అదే గొంతుతో కలిపినాడు.

"సలోమికి ఇష్టం లేదండీ," అన్నా.

"ఇష్టం లేదని ఆమె అనుకుంటా ఉంది," అన్నాడు.

అన్న పెద్దగా నవ్వినాడు. నాయన మజ్జిగ పోసుకున్నాడు, అన్నం లేని ప్లేట్లో.

మాట మళ్ళిద్దామని, లిల్లీ గారికి కూడా చదివే అలవాటుండేదా అని అడిగినా. అడక్కపోయుంటే బాగుండేది. కాదు, అడిగిందే మంచిదైంది.

"చదువు కాదండీ, పాట," అన్నాడు ఫ్రెడ్డీ. "క్వయర్లో మంచి గొంతు. పెళ్ళయిన కొత్తల్లో ఇంట్లో కూడా ఒకటే పాట. నాకు చప్పుడు పడదు. ఒక్కసారి కూడా గట్టిగా అనలేదు నేను. పాడినప్పుడల్లా పలకడం మానేసేవాణ్ణి, అంతే. మెల్లగా దానికే అర్థమైంది. చివరికి గుడిలో కూడా పెదాలే కదిలించేది." ఇంకో రొయ్య వేసుకున్నాడు. "ఇంట్లో కోపాలెందుకండీ. ఓపికుంటే చాలు."

ఊరి బయట రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఇంజన్ల చప్పుడు గాలికి ఇంట్లోకొస్తా ఉంది. వంటింట్లో గరిటె ఆగిపోయింది. అన్న మాత్రం, అది ఓర్పు, దేవుడిచ్చిన వరం అని మెచ్చుకున్నాడు.

వెళ్ళేటప్పుడు ఫ్రెడ్డీ చెప్పులేసుకుంటా, రేపు మీ గుడికే ఆరాధనకొస్తా అన్నాడు. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

కారు మలుపు తిరగ్గానే నేను దొడ్లోకి పోయి చెంచులక్ష్మికి ఫోన్ చేసినా. వాళ్ళ పుట్టిల్లు నాయుడుపేట. మేత కొట్టు ఫ్రెడ్డీ తెలుసా అని అడిగితే, తెలీకేం, మా అమ్మోళ్ళ వీధే అనింది. ఎందుకని అడిగింది. చెప్పినా. అప్పుడు లిల్లీ సంగతి ఆమే మొదలుపెట్టింది.

లిల్లీ అప్పుడప్పుడూ చక్కెరకో కాఫీపొడికో వచ్చినట్టు వాళ్ళమ్మ దగ్గరికి వచ్చేదంట. వచ్చి ఏమీ అడిగేది కాదు. దొడ్లో పంపు పూర్తిగా తిప్పి, బక్కెట్లో నీళ్ళు పడే చప్పుడులో పాడుకునేదంట. బక్కెట్ నిండగానే పంపు కట్టేసి, మొహం కడుక్కుని పొయ్యేదంట. ఆ మనిషి ఆమె మీద చెయ్యి వేసినట్టు గానీ, తిట్టినట్టు గానీ ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందుకే ఎవరికీ ఏం చెప్పుకోలేకపోయింది.

"నీ నవల అబద్ధమన్నా గదా అబీ," అనింది చెంచులక్ష్మి. "ఆ మాట వెనక్కి తీసుకోను. దిగులుంటుంది. ఆ దిగులుతోనే ఉండు, ఆ ఇంటికి మాత్రం పోవద్దు."

ఇంట్లోకి వచ్చేసరికి అన్న టేబుల్ దగ్గరే ఉన్నాడు. నాకు ఈ సంబంధం వద్దన్నా. ఎందుకొద్దో లిల్లీ సంగతి చెప్పినా. పెళ్ళాం పోయిన మనిషి ఏదో బాధలో చెప్పుకున్నాడు, దాన్ని కూడా కథ చేసినావా అని మొదలుపెట్టినాడు. అక్కణ్ణించి మాటా మాటా పెరిగింది. మా అమ్మ పోయినప్పుడు నేను స్కూలు మానలేదన్న దగ్గర్నుంచి, వదిన తమ్ముడి పెళ్ళికి నేను పాత చీర కట్టుకున్నదాకా అన్నీ బయటికొచ్చినాయి. నేను తక్కువ తిన్నానా, కార్యదర్శి పదవి కోసం పాస్టరు అయ్యగారి ఇంటికి చేపలు మోసిన సంగతి నేనూ తీసినా.

అన్న గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"నాయన పోయినాక, నేను పోయినాక, నీకు జ్వరమొస్తే తలుపెవరు తీస్తారే?" అన్నాడు. "నేనన్న మాట కాదు, నువ్వు రాసిందే. అది చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు."

"అది నవ్వడానికి రాసినా అన్నా."

"మేమెవరం నవ్వలేదు గదా."

మా అన్నకి నేనంటే ప్రేమ లేకపోతే నా పని సులువయ్యేది. ఉంది. ఆ ప్రేమతోనే నన్ను తీసుకుపోయి ఆ కారెక్కిస్తాడని నాకు అప్పుడు తెలిసింది.

నాయన వైపు తిరిగినా. సమాధానం అని పేరు పెట్టినందుకో ఏమో, మా నాయన ఈ ఇంట్లో ఏ గొడవకీ సమాధానం చెప్పిన మనిషి కాదు. నువ్వన్నా ఒక మాట చెప్పు నాయనా అని అడిగినా. కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"చదివినా అబీ. బాగా రాసినావు," అన్నాడు. మళ్ళీ పెట్టుకుని, "రాయకుండా ఉండాల్సింది," అన్నాడు. లేచి వరండాలోకి పోయినాడు.

మా సంఘంలో పెళ్ళి ఖాయమైతే మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఇంటి పెద్ద పోయి అయ్యగారికి పేర్లు చెప్తే చాలు. పెళ్ళికూతుర్ని విడిగా అడిగే ఆనవాయితీ లేదు, ఇంటి పెద్ద అడిగే ఉంటాడని నమ్మకం. మూడోది చదివినాక పెళ్ళి అయినట్టే లెక్క. ఆ తర్వాత వద్దన్న ఆడదాన్ని ఈ ఊరు ఏమంటుందో, ఆమె ఇంటివాళ్ళని ఏ వరసలో కూర్చోబెడుతుందో నేను చిన్నప్పుడే చూసినా.

అందుకే ఒక్కటే అడిగినా. రేపు అయ్యగారి దగ్గర ఈ మాట ఎత్తొద్దు, ఎత్తితే నేను ఈ ఇంట్లో ఉండనని. అన్న నా మొహం చూడకుండా టేబుల్ మీద పుస్తకం సర్దినాడు.

"సరే," అన్నాడు. "నిన్ను అడక్కుండా ఏదీ జరగదు. నా మాటంటే మాటే."

మేము ఒట్లు వేయము, బైబిల్ వాక్యంలో వద్దని ఉంది. మాటే ఒట్టు మాకు. నమ్మినా.

సాయంత్రం గిన్నెలు కడిగే దగ్గర వదిన పక్కన నిలబడినా. ఆమె తోముతుంటే నేను నీళ్ళు పోస్తా ఉండా. పుస్తకం వచ్చినప్పట్నుంచి వదిన నాతో సరిగ్గా మాట్లాడలేదు, కారణం నాకు తెలుసు. నవల్లో సలోమికి ఒక వదినుంది. కూరలో ముక్కలు లెక్కపెట్టి వడ్డిస్తుంది. ఆ వదిన నువ్వు కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా కెజియా నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేం లేదు.

"నీ పుస్తకం నాకు నచ్చలేదు," అనింది వదిన, గిన్నె మీంచి చూపు తిప్పకుండా. "నన్ను పది మందిలో నవ్వులపాలు చేసినావు. జన్మలో మర్చిపోను."

"వదినా..."

"నన్ను చెప్పనీ. ఇయ్యాల ఆ మనిషి నవ్వుతా ఉంటే నేను వంటింట్లోంచి విన్నా. నాకు గుండె ఝల్లుమనింది. నువ్వు నా మీద ఇంకో పుస్తకం రాసుకో, పడతా. ఆ మనిషి దగ్గరికి మాత్రం పోవద్దు."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి కనపడకుండా చెంబు ముంచినా. మీ ఆయనకి కూడా ఈ మాట చెప్పు వదినా అన్నా. వదిన గిన్నె బోర్లించింది.

"పదిహేనేళ్ళలో మీ అన్నకి నేను వద్దని చెప్పి ఆపింది ఏదన్నా ఉందేమో గుర్తు చేసుకుని చెప్పు," అనింది.

ఆదివారం పొద్దున నుంచే ముసురు పట్టింది. వాయుగుండమంట, మత్స్యకారులు వేటకి పోవద్దని టీవీలో చెప్తా ఉండారు. అయినా గుడి నిండింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ముందే వచ్చి కూర్చున్నారు. కరుణాకుమారి అక్క నన్ను చూసి, నవ్విన నాపచేనే పండుతుందమ్మా అని నా బుగ్గ పట్టుకుంది. ఆమె కట్టుకున్న పట్టుచీర క్రిస్మస్‌కి తప్ప బయటికి తీయదు. నాకు అక్కడే అర్థం కావాల్సింది.

ఆడవాళ్ళ వైపు నేనూ వదినా పక్కపక్కన కూర్చున్నాం. మగవాళ్ళ వైపు ముందు బెంచీలో అన్న, ఆయన పక్కన ఫ్రెడ్డీ, ఈ చివర నాయన. పాటలప్పుడు ఫ్రెడ్డీ వైపు చూసినా. పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నాడు, నోరు కదపడం లేదు. వాక్య ప్రసంగం అయింది, కానుకలు అయినాయి. అయ్యగారు ప్రకటనల కాగితం తీసి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

గురువారం కూడిక, గుడి సున్నం పని, ఎవరిదో జ్ఞాపకార్థ కూడిక. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మన సంఘ సభ్యులు సమాధానం గారి కుమార్తె అబిగయీలుకు, నాయుడుపేట సంఘ సభ్యులు ఫ్రెడ్డీ గారికి వివాహము నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన. ఈ వివాహమునకు అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చును."

అన్న నా వైపు తిరగలేదు. మెడ వెనక మాత్రం ఎర్రబడింది. మాటంటే మాటే అన్న మనిషి, ఆ మాట నాకివ్వకముందే పోయి అయ్యగారికి పేర్లు చెప్పొచ్చినాడని ఆ మెడ చూస్తే తెలిసిపోయింది.

అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చును అన్న తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు. నేను పుట్టినప్పట్నుంచి ఎవరూ చెప్పలేదు. అయ్యగారు కూడా ఆగడు, పై మాటకి పోతాడు. పోయే లోపల నేను లేచి నిలబడినా.

"నాకుంది అయ్యగారూ అభ్యంతరం. నాకు ఈ పెళ్ళి వద్దు."

కరుణాకుమారి అక్క కిసుక్కున నవ్వింది. ఇదిగో, మొదలుపెట్టింది మన సలోమి, అనింది పక్కామెతో. ఆమె నవ్వింది. వెనక బెంచీలు నవ్వినాయి. పుస్తకం నచ్చి నాకు చెయ్యి కలిపిన ఆడపిల్లలు నవ్వినారు, నన్ను చూసి మొహం తిప్పుకున్న సంఘపెద్దలు నవ్వినారు, అయ్యగారు కళ్ళద్దాలు తీసి మరీ నవ్వినాడు. నా పుస్తకం మీద ఇన్నాళ్ళూ ఒక్క మాట మీదికి రాని సంఘం ఆ పొద్దున ఒక్కటై నవ్వింది.

"నేను జోకు వేయడం లేదు," అన్నా. ఇంకా నవ్వినారు.

ఒక్క మనిషి నవ్వలేదు. ముందు బెంచీలోంచి మెల్లగా వెనక్కి తిరిగి, ఫ్రెడ్డీ నా మొహంలోకి చూసినాడు. నేను అన్నది నిజమని అంత గుడిలో ఆయనకి ఒక్కడికే అర్థమైంది. అర్థమై కూడా మొహంలో ఏమీ మారలేదు.

నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. వదిన. కూర్చోమని లాగుతుందనుకున్నా. లాగలేదు, నా చెయ్యి ఆసరా చేసుకుని ఆమె కూడా లేచి నిలబడింది. కెజియా గుడిలో నవ్వడం మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు, వేళాకోళమాడే మనిషి కాదామె. ముందు వరసల్లో నవ్వు ఆగింది. తర్వాత వెనక ఆగింది. కరుణాకుమారి అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేనన్నది నిజమని ఇప్పుడు అందరికీ తెలిసింది. ఒక్కరికి కూడా తెలీకుండా లేదు.

అప్పుడు ఫ్రెడ్డీ లేచినాడు. గొంతు ఎప్పటి మాదిరే, పైకి లేవలేదు.

"అయ్యగారూ, ఆమెకి కంగారుగా ఉన్నట్టుంది. ఆలస్యమైతే ఇంకా కంగారు పడుతుంది. పొరుగూరి సంబంధాలకి మూడు ప్రకటనలూ ఒకే రోజు చదివే వీలు మీ సంఘంలో ఉందంట గదా. మిగిలినవి కూడా ఇప్పుడే చదివేయండి."

అయ్యగారు నా వైపు చూడలేదు. ఇంటి పెద్ద వైపు చూసినాడు. మా నాయన తల వంచుకుని చేతుల్లోకి చూసుకుంటా ఉండాడు. అందుకని అయ్యగారి చూపు అన్న మీదికి పోయింది. అన్న నన్ను చూసినాడు, వదినని చూసినాడు, నిండుగా ఉన్న గుడిని చూసినాడు. అన్న కళ్ళలో నీళ్ళున్నాయి, నేను చూసినా.

"చదవండి అయ్యగారూ," అన్నాడు.

అయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మళ్ళీ నాయన పేరు చదివినాడు, నా పేరు చదివినాడు, ఇది రెండవ ప్రకటన అన్నాడు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చును అన్నాడు. నేనూ వదినా నిలబడే ఉన్నాం. నాకుంది అని మళ్ళీ చెప్పినా, గట్టిగానే చెప్పినా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యగారు మూడోది మొదలుపెట్టినాడు.